సొంత క్లౌడ్: బాక్స్ కొనే ముందు చేయాల్సిన పనులు

సొంత క్లౌడ్ అంటే మన ఫోటోలూ ఫైళ్ళూ ఏ కంపెనీ దగ్గరో కాకుండా, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మన కంప్యూటర్ (సర్వర్) మీద పెట్టుకోవడం. అది పెట్టుకుందామనుకునే వాళ్ళలో చాలామంది మొదట అడిగేది దానికి ఏ బాక్స్ కొనాలని. అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అయితే మంచిది. నా క్లౌడ్ అకౌంట్ ఒకటి ఓ రోజు పొద్దున్నే లాక్ అయిపోయింది, కారణం చెప్పలేదు, ఫారం నింపితే ఆటోమేటిక్ జవాబొకటి వచ్చింది, పదకొండు రోజుల తర్వాత దానంతటదే తెరుచుకుంది. ఆ పదకొండు రోజులూ నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా పిల్లల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ ఎక్కడా లేదు. సర్వర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ చేతిలో ఒక కాపీ ఉండాలి. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

గూగుల్ వాడేవాళ్ళకి తమ డేటా అంతా దింపుకోవడానికి టేకౌట్ అనే పేజీ ఉంది. యాపిల్ కూడా ప్రైవసీ పేజీలో మీ డేటా కాపీ అడగనిస్తుంది. టేకౌట్ తెరవగానే అన్నీ టిక్ పెట్టి ఉంటాయి, వాటిని ఒక్క నొక్కుతో తీసేసి మొదట ఫోటోలు మాత్రమే ఎంచుకోండి. అన్నీ ఒకేసారి అడిగితే ఏ ముక్క వచ్చిందో ఏది రాలేదో చూసుకోలేక టెన్షన్ పడతారు. ముక్క సైజు 2 జీబీ అని ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే వందల జిప్ ఫైళ్ళు దిగుతాయి. నెట్ గట్టిగా ఉంటే 50 జీబీ పెట్టండి, మధ్యలో తెగిపోతుంటే 10. లింకులు వారం రోజుల్లో చెల్లకుండా పోతాయి కాబట్టి డిస్క్‌లో చోటు ఉందో లేదో చూసుకున్నాకే రిక్వెస్ట్ పెట్టండి.

ఇక్కడ చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. జిప్ విప్పితే ప్రతి ఫోటో పక్కన జేసన్ అనే చిన్న ఫైల్ కనిపిస్తుంది, చెత్త అనుకుని దాన్ని తీసేస్తారు. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ఫోటో తీసిన సమయం దగ్గర 1388534400 లాంటి పెద్ద అంకె ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, ఈ అంకెకి అర్థం 2014 జనవరి 1. కెమెరాతో తీసిన ఫోటోలో తేదీ ఫోటో లోపలే ఉంటుంది గానీ, మెసేజ్‌లలో వచ్చిన ఫోటోలకీ, స్కాన్ చేసి మీరే తేదీ సరిదిద్దిన పాత ఫోటోలకీ ఆ వివరం ఒక్క జేసన్‌లోనే మిగులుతుంది. అది పోతే మీ తాతగారి పెళ్ళి ఫోటో మీరు డౌన్‌లోడ్ చేసిన రోజు తేదీతో కూర్చుంటుంది. ఇమ్మిచ్ అనే ఫోటో సర్వర్ వాడదలిస్తే, ఇమ్మిచ్-గో అనే టూల్ ఈ రెండింటినీ కలిపి చదివి లోపలికి ఎక్కిస్తుంది. ఎక్కించాక ఫోటోల సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోకుండా పాత అకౌంట్‌లో ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

రెండోది బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి ఇంకోచోట అనే పాత లెక్క ఇప్పటికీ సరైనదే. ఇంకోచోట అంటే మీకు నమ్మకమైన వాళ్ళింట్లో పెట్టిన డిస్క్ అయినా సరే, అద్దెకు తీసుకున్న స్టోరేజ్ అయినా సరే. అద్దె చోటైతే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టు మార్చి పంపండి. దీనికి నేను రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడతాను, బోర్గ్ కూడా మంచిదే. రెండూ మారిన ముక్కల్ని మాత్రమే పంపుతాయి కాబట్టి మొదటిసారి తప్ప తర్వాత త్వరగా అయిపోతుంది. మొదటిసారి మాత్రం ఓపిక కావాలి: 200 జీబీని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపితే అంతా సవ్యంగా సాగినా 22 గంటలు పడుతుంది. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు, మర్చిపోయాను అని నొక్కే బటన్ ఎక్కడా లేదు. ఈ మాట రెండుసార్లు చదవండి.

బ్యాకప్ తీశాక దాన్నుంచి ఒక ఫోల్డర్‌ని వేరే కంప్యూటర్ మీదకి వెనక్కి తెచ్చి, ఫైళ్ళు తెరిచి చూడండి. ఈ పని చేయనంత వరకూ అది బ్యాకప్ అని నేను ఒప్పుకోను. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేలా రెయిడ్ అనే పద్ధతిలో జత చేశాను కదా, బ్యాకప్ ఎందుకు అంటారు కొందరు. రెయిడ్ ఒక డిస్క్ చచ్చిపోతే కాపాడుతుంది, మీరు పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్‌ని మాత్రం రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో తీసేస్తుంది. పరికరాల మధ్య ఫైళ్ళు ఒకేలా ఉంచే సింక్ కూడా అంతే. ఆ పని చేసే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్‌లో పాత వెర్షన్లు దాచే సెట్టింగ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని మీరే ఆన్ చేయాలి.

ఇప్పుడు బాక్స్ సంగతి. పాత ల్యాప్‌టాప్ ఉంటే అదే చాలు. కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది, చాలామంది కొనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి ఆ వసతి లేదు. అయితే బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, ఉబ్బితే దాన్ని తీసేయించాకే వాడాలి. మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. 10 వాట్లు తాగే మెషీన్ నెలంతా ఆన్‌లో ఉంటే 7.2 యూనిట్లు అవుతుంది, అంతే. అందులో డెబియన్ అనే లినక్స్ వేసి, దాని మీద ఒక్కో ప్రోగ్రామ్‌ని విడివిడిగా నడిపే డాకర్ పెట్టుకోండి.

ఏం వేయాలన్నది మీ అవసరాన్ని బట్టి. ఫోన్‌లో ఫైళ్ళు ల్యాప్‌టాప్‌లోకి వస్తే చాలనుకుంటే సింక్‌థింగ్ ఒక్కటే సరిపోతుంది, దానికి సర్వరే అక్కర్లేదు, పరికరాలు నేరుగా మాట్లాడుకుంటాయి. ఫోటోలకి ఇమ్మిచ్. ఫైళ్ళు, క్యాలెండర్, కాంటాక్టులు అన్నీ ఒకచోట కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్. ఇది 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడిపోయి వచ్చింది, ఓన్‌క్లౌడ్‌ని మొదలుపెట్టిన ఫ్రాంక్ కార్లిచెక్కే దీన్నీ మొదలుపెట్టాడు. కోడ్ అందరిదీ అయినప్పుడు జరిగే మేలు ఇదే: తయారుచేసిన సంస్థతో కుదరకపోతే ఆ కోడ్ తీసుకుని వేరే దారిలో వెళ్ళొచ్చు, మన ఫైళ్ళు ఎవరి గుప్పిట్లోనూ ఇరుక్కోవు. మూడూ ఒకే వారాంతంలో వేయకండి. ఒకటి వేసి నెల రోజులు వాడండి. ఇంకో మాట, ఇమ్మిచ్‌కీ నెక్స్ట్‌క్లౌడ్‌కీ ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోదు, అవి తమ వివరాలు రాసుకునే డేటాబేస్‌ని కూడా బ్యాకప్‌లో కలపాలి. లేకపోతే ఫోటోలు తిరిగొస్తాయి గానీ ఆల్బమ్‌లూ, ముఖాలకి పెట్టుకున్న పేర్లూ రావు.

బయట ఉన్నప్పుడు వాడుకోవడం ఎలా? రౌటర్‌లో పోర్ట్ తెరవమని, అంటే బయటి నెట్ నుంచి నేరుగా సర్వర్‌కి దారి ఇవ్వమని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, దయచేసి ఆ దారి పట్టకండి. తెరిచిన కొద్దిసేపటికే ఎవరెవరో తలుపు తట్టడం లాగ్‌లో కనిపిస్తుంది. పైగా మీ నెట్ కంపెనీ ఒకే ఐపీని (నెట్‌లో మీ ఇంటి అడ్రస్ లాంటి అంకెని) పదిమందికి పంచుతుంటే ఆ పద్ధతి అసలు పనే చేయదు. దానికి బదులు టెయిల్‌స్కేల్ వేసుకోండి, అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మీద నడుస్తూ మీ పరికరాల మధ్య మాత్రమే ఒక రహస్య దారి వేస్తుంది: ఫోన్‌లో ఒక యాప్, సర్వర్‌లో ఒక యాప్, అయిపోయింది. పరికరాల్ని కలిపే పని ఒక కంపెనీ సర్వర్ చేస్తుంది, కానీ మీ ఫైళ్ళని తెరిచే తాళంచెవులు మీ పరికరాలు దాటిపోవు. ఆ కంపెనీ సర్వర్ కూడా వద్దనుకుంటే, ఆ పని మీ సొంత సర్వర్‌లోనే చేసే హెడ్‌స్కేల్ ఉంది, కొంచెం శ్రమ ఎక్కువ.

అప్‌డేట్లకి నెలకో గంట పక్కన పెట్టండి. డెబియన్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టుకోవచ్చు. నెక్స్ట్‌క్లౌడ్‌ని ఏడాదిన్నర వదిలేసి ఒక్కసారిగా కొత్త వెర్షన్‌కి దూకుదామంటే కుదరదు, పెద్ద వెర్షన్లని ఒక్కొక్కటిగా దాటుకుంటూ రావాల్సిందే.

ఈమెయిల్ సర్వర్‌ని మాత్రం ఇంట్లో పెట్టకండి. నేను ప్రయత్నించాను, పంపిన ఉత్తరాలు అవతలివాళ్ళ స్పామ్‌లో పడేవి, పడ్డాయని నాకు తెలిసేది కాదు. దానికి బదులు సొంత డొమైన్ పేరు కొని, దాన్ని ఏదో ఒక మెయిల్ సర్వీస్‌కి కలపండి. రేపు ఆ సర్వీస్ నచ్చకపోతే డొమైన్ సెట్టింగ్‌లో రెండు మూడు లైన్లు మారిస్తే చాలు, మీ అడ్రస్ మీదగ్గరే ఉంటుంది, బ్యాంకులో మార్చుకునే పని కూడా ఉండదు.

చివరిగా కాగితం. బ్యాకప్ పాస్‌వర్డ్, టూ-ఫ్యాక్టర్ రికవరీ కోడ్‌లు, ఏ డిస్క్‌లో ఏముంది, వెనక్కి ఎలా తెచ్చుకోవాలి, ఇవన్నీ చేత్తో రాసి ఇంట్లో ఇంకొకరికి చూపించండి. నేను రాశాక మా ఆవిడ చేతికి ఇచ్చి, నేను అందుబాటులో లేననుకుని బ్యాకప్‌లోంచి ఒక ఫోటో వెనక్కి తెచ్చి చూపించమన్నాను. రెండో అడుగు దగ్గరే ఆగిపోయింది. "డిస్క్ ఎక్కడుందో రాయలేదు కదండీ" అంది. ఇప్పుడు ఆ కాగితంలో మొదటి లైన్ అదే, ఆరు నెలలకోసారి ఆమే తీసి చూస్తుంది.