ఫ్యాను కింద కీమో కలపకండి: వాయుగుండాల సీజను ముందు మన సిస్టర్లకు, ఫార్మసిస్టులకు

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు వైపు అసలు వానాకాలం మొదలైనట్టే. నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే మనల్ని ఎక్కువగా తడుపుతాయి. కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. ఉదయగిరి నుంచో పొదిలి నుంచో పది గంటలకు రావాల్సిన పేషెంటు, వాగు దాటలేక, మధ్యాహ్నం రెండింటికి వస్తాడు. మందుల పార్శిలు దారిలో ఇరుక్కుంటుంది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయి, హైవే మీద లారీలు నిలిచిపోయిన సంగతి మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. ఇన్ని జరిగినా క్యాన్సర్ పేషెంట్లకి విడతలుగా ఇచ్చే మందులు, అంటే కీమో సైకిళ్ళు, మాత్రం నడుస్తూనే ఉండాలి. ఆ హడావిడిలోనే ఆ మందు, దాన్ని కలిపేవాళ్ళ ఒంటి మీద పడుతుంది. అందుకే వానలు ముదరకముందే నాలుగు మాటలు చెప్పుకుందాం.

పెద్దాసుపత్రుల్లో కీమో కలపడానికి వేరే గది, వేరే మనుషులు ఉంటారు. నేను రాసేది చిన్న డే కేర్లలో, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్ళ కోసం. ఇప్పటికీ కొన్నిచోట్ల నర్సింగ్ స్టేషన్ బల్ల మీదే, పైన ఫ్యాను గిర్రున తిరుగుతుంటే, ఒక సర్జికల్ మాస్కు, ఒక జత గ్లవ్స్‌తో కలిపేస్తున్నారు. ఇదేంటమ్మా అంటే, "ఏం కాదులే సార్, ఎప్పట్నుంచో ఇట్నే కలపతా ఉండాం" అంటారు.

ఆ రోజుకు ఏం కాదు, నిజమే. ఈ మందులు చాలాసార్లు ఆ రోజు ఏమీ చెయ్యవు కూడా. 1979లో ఫిన్లాండులో కీమో మందులతో పనిచేసే నర్సుల మూత్రం పరీక్షిస్తే, జన్యువుల్లో మార్పులు తెచ్చే గుణం అందులో కనబడింది. 1985లో అదే దేశంలో గర్భిణులుగా ఉండి ఈ మందులతో పనిచేసిన నర్సుల్లో గర్భస్రావాలు ఎక్కువని తేలింది. సూది గుచ్చుకుంటేనో, మందు ఒలికితేనో మాత్రమే ప్రమాదం అనుకోవద్దు. కంటికి కనబడని తుంపర ఊపిరితో లోపలికి పోతుంది, చర్మం గుండా ఇంకుతుంది, చేతి నుంచి టిఫిన్ బాక్సుకి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. పేషెంటుకైతే జబ్బు ఉంది కాబట్టి నష్టంతో పాటు లాభమూ ఉంది. మనకు మిగిలేది నష్టమే. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పే మోతాదు ఈ మందులకు ఎవరూ తేల్చలేదు.

గర్భంతో ఉన్నవాళ్ళని, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళని, పాలిచ్చే తల్లుల్ని ఈ పనిలో పెట్టకండి. వాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా ఆగొద్దు, డ్యూటీ చార్టు వేసేవాళ్ళే ముందుగా కనుక్కోవాలి.

ఏ క్యాబినెట్?

కీమో కలపాల్సింది బయోసేఫ్టీ క్యాబినెట్‌లో, అంటే ముందు అద్దం ఉండి లోపలి గాలిని వడకట్టే పెట్టెలో, క్లాస్ 2 రకంలో. గాలి పైనుంచి కిందికి దిగి, ఫిల్టర్ గుండా పోవాలి. కొన్నిచోట్ల "మాకు లామినార్ (వడకట్టిన గాలి వీచే బల్ల) ఉంది కదా" అంటారు. వెళ్ళి చూస్తే గాలి వెనక నుంచి నేరుగా మనిషి ముఖం మీదికి కొట్టే రకం ఉంటుంది. అది సెలైన్‌లో విటమిన్లు కలపడానికి భేషుగ్గా పనికొస్తుంది. కీమోకి మాత్రం బల్ల కంటే కూడా అన్యాయం, ఎందుకంటే మందుని పనిగట్టుకుని మీ ముక్కులోకి పంపిస్తుంది.

సరైన క్యాబినెట్ ఉన్నా, ముందున్న జాలీ మీద సిరంజి కవర్లు, ప్యాడ్ పరిస్తే గాలి తెర తెగిపోతుంది. ఏసీ గాలి క్యాబినెట్ ముందుకి తగలకూడదు. అద్దం గీత దాటి పైకి ఎత్తొద్దు. గదిలో ఫ్యాను అసలుండకూడదు. రెక్కలు ఊడదీయించి స్విచ్‌కి టేపు వేయించండి, లేకపోతే ఉక్కపోతకి ఎవరో ఒకరు వేస్తారు. ఆరు నెలలకోసారి కంపెనీ మనిషిని పిలిపించి గాలి వేగం, ఫిల్టర్ చెక్ చేయించాలి. ఈ ఏడాది రెండో చెక్ ఇంకా కాకపోతే వాయుగుండం రాకముందే చేయించుకోండి.

శుభ్రం చేసేటప్పుడు చాలామంది స్పిరిట్ కొట్టి తుడుస్తారు. స్పిరిట్ సూక్ష్మక్రిముల్ని చంపుతుంది కానీ కీమో మందుని ఏమీ చెయ్యదు, అటు నుంచి ఇటు పులుముతుంది అంతే. ముందు డిటర్జెంట్ నీళ్ళతో, తర్వాత 2 శాతం హైపోక్లోరైట్ (బ్లీచు) ద్రావణంతో, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి, ఆఖర్న స్పిరిట్. వేటినీ స్ప్రే చెయ్యొద్దు, గుడ్డ తడిపి తుడవాలి.

ఒంటి మీద ఏం వేసుకోవాలి

పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు. లోపలి జత గౌను చేతి కిందికి, పైజత గౌను చేతి మీదికి రావాలి. అరగంటకోసారి, చిరిగినా మందు పడినా వెంటనే, మార్చాలి. గౌను పొడుగు చేతులది, వెనక కట్టుకునేది, తడి లోపలికి దిగనిది. ఆకుపచ్చ కాటన్ ఓటీ గౌను మందుని పీల్చుకుని మీ ఒంటికి అంటించి పెడుతుంది కాబట్టి దీనికి పనికిరాదు. సర్జికల్ మాస్కు మీ నోటి తుంపర మందులో పడకుండా ఆపుతుంది గానీ మందు తుంపర మీకు రాకుండా ఆపదు. ఎన్95 పెట్టుకోండి. కళ్ళద్దాలు ఉన్నాయి కదా అని గాగుల్స్ మానొద్దు.

ఇంకో మాట. మందు కంపెనీ నుంచి వచ్చిన వయల్ (రబ్బరు మూత ఉన్న చిన్న మందు సీసా) బయటి గాజు మీద కూడా మందు అంటుకుని ఉంటుంది. పార్శిలు విప్పే స్టోరు అబ్బాయికి కూడా గ్లవ్స్ ఇవ్వాలి. వానలో తడిసిన అట్టపెట్టెలో ఒక్క వయల్ పగిలినా మిగతావన్నీ దాంట్లో తడిసినట్టే.

వయల్‌లో గాలి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

సైక్లోఫాస్ఫమైడ్ 500 మిల్లీగ్రాముల పొడి ఉంది, దాంట్లోకి 25 ఎంఎల్ సెలైన్ పోయాలి అనుకోండి. మామూలు యాంటీబయాటిక్ అయితే ఏం చేస్తాం? సిరంజిలోదంతా ఒక్కసారి నొక్కేసి సూది తీసేస్తాం. అప్పటికే లోపల ఉన్న గాలికి చోటు చాలదు. సూది బయటికి రాగానే రబ్బరు రంధ్రంలోంచి సుయ్‌మని గాలి, దాంతో పాటు మందు తుంపర. యాంటీబయాటిక్ అయితే ఆ సుయ్‌ని ఎవరూ పట్టించుకోరు. కీమోలో ఆ చప్పుడు వినబడకూడదు.

కొంచెం సెలైన్ పోయండి, పోసినంత గాలి, వీలైతే ఒక బొట్టు ఎక్కువే, సిరంజిలోకి వెనక్కి లాగండి. మళ్ళీ కొంచెం పోయండి, మళ్ళీ లాగండి. అలా అంతా పోసేసరికి వయల్ లోపల ఒత్తిడి బయటికంటే కొద్దిగా తక్కువ ఉంటుంది. సూది తీసినప్పుడు బయటి గాలే లోపలికి పోతుంది, మందు బయటికి రాదు. కరిగిన మందు తీసేటప్పుడు కూడా ఇంతే. కావలసిన మందు కంటే తక్కువ గాలి సిరంజిలోకి తీసుకుని, వయల్ తలకిందులు చేసి, కాస్త గాలి ఇచ్చి కాస్త మందు తీసుకుంటూ పోవాలి. సూది లాగేముందు ప్లంజర్‌ని ఒక్క పిసరు వెనక్కి లాగి, సూది మొదట్లో నిలిచిన చుక్కని సిరంజిలోకి తెచ్చుకోండి.

సిరంజి లూయర్ లాక్ రకమే, అంటే సూదిని తిప్పి బిగించేదే, వాడాలి. దోపుడు రకం అయితే కాస్త గట్టిగా నొక్కగానే సూది ఊడొస్తుంది. ముప్పావు వంతు మించి నింపకూడదు. నింపితే ప్లంజర్ వెనక నుంచి జారిపోతుంది. సూదికి బదులు వయల్‌లో గుచ్చే, ఫిల్టర్ ఉన్న స్పైక్ దొరికితే ఒత్తిడి గొడవ చాలావరకు తీరుతుంది. పూర్తిగా మూసి ఉండే ట్రాన్స్‌ఫర్ డివైజులు అంతకంటే మేలు. ఖరీదెక్కువని మేనేజ్‌మెంట్ అంటే, కనీసం సైక్లోఫాస్ఫమైడ్ లాంటి పొడి మందులకైనా అడగండి. అయితే ఏ డివైజు ఉన్నా క్యాబినెట్ మానడానికి వీల్లేదు.

చేతులు అలవాటు పడటానికి ఒక పద్ధతి ఉంది. కంటి ఆసుపత్రుల్లో వాడే ఫ్లోరెసిన్‌ని సెలైన్‌లో కలిపి, అదే కీమో అనుకుని, మొత్తం పని ఒకసారి చెయ్యండి. తర్వాత లైట్లు ఆర్పి, దొంగనోట్లు పట్టే యూవీ టార్చి వేసి చూడండి. గ్లవ్ వేళ్ళ మీద మెరవడం మామూలే. గౌను మణికట్టు దగ్గర, పెన్ను క్యాపు మీద, గాగుల్స్ సర్దుకున్న చోట చెవి పక్కన మెరిసినప్పుడు మాత్రం మనిషి ముఖం మారిపోతుంది. పది క్లాసులు చెప్పినా రాని మార్పు అది.

పేషెంటుకి పెట్టే సెట్టుని (డ్రిప్ గొట్టాన్ని) కూడా క్యాబినెట్‌లోనే, బ్యాగులో మందు వెయ్యకముందే, ఒట్టి సెలైన్‌తోనో డెక్స్ట్రోజ్‌తోనో నింపి ఉంచాలి. మంచం దగ్గర స్టాండుకి తగిలించాక గుచ్చితే, కారిన చుక్క సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటుంది. అయిపోయాక సెట్టుని బ్యాగు నుంచి ఊడదీయొద్దు, రెండూ కలిపే పారేయాలి.

పార్శిలు ఆలస్యమైనప్పుడు

రోడ్లు మూసుకుపోయిన రోజుల్లో మామూలు డిస్ట్రిబ్యూటర్ కాకుండా ఇంకెవరి దగ్గర దొరికితే వారి దగ్గర తెస్తారు. అక్కడే మోసం ఉంది. డోసిటాక్సెల్ ఒక బ్రాండులో ఎంఎల్‌కి 10 మిల్లీగ్రాములు ఉంటే ఇంకోదాంట్లో 20 ఉంటుంది. విడిగా ద్రావకం కలుపుకోవాల్సిన రకం మరొకటి. అలవాటు కొద్దీ ఎంఎల్ లెక్క వేస్తే డోసు రెట్టింపు అవుతుంది. కాబట్టి కొత్త బ్రాండు వచ్చిన ప్రతిసారీ లోపలి కాగితం చదవాలి. ఇద్దరు విడివిడిగా లెక్క వేసి సరిచూసుకోవాలి.

ఏది దేంట్లో కలపాలన్నది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆక్సాలిప్లాటిన్‌కి డెక్స్ట్రోజే, సెలైన్ తగలకూడదు. సిస్‌ప్లాటిన్‌కి సెలైన్ కావాలి, దాన్ని ఫ్రిజ్‌లో పెడితే మందు విడిపోయి అడుగున పేరుకుంటుంది. కలిపిన జెమ్‌సిటాబిన్ పొడి మందు కూడా ఫ్రిజ్‌కి పనికిరాదు. ట్రాస్టుజుమాబ్‌ని డెక్స్ట్రోజ్‌లో కలపకూడదు, కుదపకూడదు. ప్యాక్లిటాక్సెల్‌కి పీవీసీ బ్యాగు వద్దు, సెట్టుకి సన్న ఫిల్టర్ ఉండాలి. ఎర్ర మందు డాక్సోరుబిసిన్, దాని లైపోసోమల్ రకం పక్కపక్క అరల్లో పెట్టకండి. రెండూ ఒకటి కావు.

విన్‌క్రిస్టిన్ సంగతి వేరు. అది నరంలోకి మాత్రమే. పొరపాటున వెన్నులోకి ఎక్కితే మనిషి దాదాపు బతకడు. ఆ పొరపాటు ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది కాబట్టే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. సిరంజిలో వార్డుకి పంపకండి, ఎప్పుడూ 50 ఎంఎల్ చిన్న బ్యాగులోనే. సిరంజి చూస్తే వెన్ను సూదికి తగిలించాలనిపిస్తుంది, బ్యాగు చూస్తే అనిపించదు. వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇచ్చే గదిలోకి ఆ సమయంలో విన్‌క్రిస్టిన్ అసలు రాకూడదు.

పేషెంటు బస్సెక్కాడని ఫోనొచ్చిందని ముందే కలిపి పెట్టొద్దు. మనిషి వచ్చి, బరువు చూసి, రక్తపరీక్ష చూసి, నరంలో కాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పడి, డాక్టరు సరే అన్నాకే వయల్ మూత తీయండి. వానాకాలంలో ఈ ఒక్క నియమంతో ఎన్ని వేల రూపాయల మందు మిగులుతుందో మీకే తెలుస్తుంది.

మధ్యలో కరెంటు పోతే

జనరేటరు అందుకునే ఆ కొన్ని సెకన్లలో క్యాబినెట్ గాలి ఆగుతుంది. అందుకని క్యాబినెట్‌ని యూపీఎస్ మీద పెట్టించండి. గాలిని బయటికి పంపే రకమైతే ఎగ్జాస్ట్ మోటారు కూడా దాని మీదే ఉండాలి. ఒకటి ఆగి ఒకటి తిరిగితే ఇంకా ప్రమాదం.

యూపీఎస్ లేకపోతే, లైటు పోయిన క్షణాన ఏ పని మధ్యలో ఉన్నా ఆపేయాలి. ఇంకో రెండు ఎంఎల్లే కదా అని లాగొద్దు. సిరంజికి క్యాప్ పెట్టి, బ్యాగు మూసి, పైజత గ్లవ్స్ క్యాబినెట్ లోపలే విప్పి వదిలేసి, అద్దం దించి, బయటికొచ్చి తలుపు వెయ్యండి. కరెంటు వచ్చాక వెంటనే కూర్చోవద్దు. గాలి కుదురుకునేదాకా ఆగి, లోపలంతా తుడిచి, కొత్త గ్లవ్స్‌తో మొదలుపెట్టాలి. సగంలో ఆగిన బ్యాగులో ఎంత మందు పడిందో ఎవరికైనా అనుమానం ఉంటే దాన్ని పారేయడమే. ఇక్కడ బేరాల్లేవు.

ఒలికితే

ఒలికిన మందు తుడిచే సామాను, అంటే స్పిల్ కిట్, ఎక్కడుందో రాత్రి డ్యూటీ సిస్టర్‌కి కూడా తెలియాలి. గౌను, రెండు జతల గ్లవ్స్, ఎన్95, గాగుల్స్, పీల్చే ప్యాడ్లు, చిన్న చేట, పసుపు కవర్లు ఉంటే చాలు. ముందు మనుషుల్ని పక్కకి పంపి, ద్రవమైతే ప్యాడ్ వేసి, పొడి అయితే తడిగుడ్డ కప్పి, అంచుల నుంచి మధ్యలోకి తుడవాలి. చీపురు తేవద్దు. డిటర్జెంట్‌తో కడిగి తర్వాత నీళ్ళతో, అలా మూడుసార్లు. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు, ఆ తర్వాతే డాక్టరు. చర్మం మీదైతే సబ్బు, నీళ్ళు.

పేషెంటు ఇంటికెళ్ళాక 48 గంటలపాటు మూత్రం, వాంతి, చెమట పట్టిన బట్టల్లో మందు ఉంటుంది. ఆ మాట మన ఆయాలకి, ఇంట్లోవాళ్ళకి తెలుగులో చెప్పండి: గ్లవ్స్ వేసుకోవాలి, బట్టలు వేరుగా ఉతకాలి, మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యాలి.

చెత్త గురించి ఒకటే తికమక. మామూలు గాజు వయళ్ళు నీలం డబ్బాలోకి పోతాయి కాబట్టి కీమో వయళ్ళు కూడా అందులోనే వేస్తుంటారు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అవి సైటోటాక్సిక్ గుర్తు ఉన్న పసుపు డబ్బాలోకే పోవాలి, 1200 డిగ్రీల పైన కాల్చాలి. ఖాళీ వయళ్ళు పాతసామాన్ల వాడి చేతికి పోకుండా చూసుకోండి. వ్యర్థాలు 48 గంటలకు మించి ఉంచకూడదు. వరదకి బండి రాకపోతే కారణం రాసి కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి. అప్పటిదాకా ఆ డబ్బాలు తాళం వేసిన గదిలో, నేల మీద కాకుండా, నీళ్ళు వచ్చినా తగలని ఎత్తులో ఉంచండి.