తాటికమ్మల పాతిల్లు: మట్టితో, సున్నంతో బాగుచేసుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా అమ్మమ్మ వాళ్ల మట్టిల్లు 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫానుకు కప్పు పోగొట్టుకుంది. గోడలు మాత్రం నిలబడ్డాయి. తొందరపడి ఆ గోడలకు సిమెంటు పూసి, పైన డబ్బా పెయింటు వేయించాం. రెండు వానాకాలాలు తిరిగేసరికి పెయింటు పెచ్చులుగా ఊడింది, వెనక మట్టి మెత్తబడిపోయింది. మట్టిగోడ చెమ్మను పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. ఆ దారి మూసేస్తే లోపల్లోపలే పాడైపోతుంది. అందుకే పాతింటికి మట్టి, పేడ, సున్నమే వాడమంటాను.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టండి. నూర్పులు అయిపోయి ఉంటాయి కాబట్టి ఎండుగడ్డీ, మనుషులూ దొరుకుతారు.

ముందు కప్పు. అది కారుతుంటే గోడకు ఎన్ని పూతలు వేసినా దండగ. పాత కమ్మలు దించి, వాసాల్ని, కప్పు మోసే నడిమి స్తంభం నిట్రాడిని కత్తిమొనతో పొడిచి చూడండి. మొన మెత్తగా దిగితే ఆ కర్ర మార్చేయాలి. కొత్త కర్రకు జీడిపిక్కల తొక్కల నూనె పూస్తే చెద పట్టదు. చేతులకు తొడుగులు తప్పనిసరి, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్లకు ఆ బాధ బాగా తెలుసు. కమ్మలు బరువు కింద పెట్టి ఆరబెట్టినవే వేయండి. వాలు సుమారు 45 డిగ్రీలుండాలి, చూరు బాగా కిందికి దిగాలి. మన తీరంలో చుట్టిళ్ల చూరు అంత కిందికి ఉండేది వానజల్లు గోడను కొట్టకుండానే.

తర్వాత గోడ. సిమెంటు, పెయింటు పూర్తిగా గోకేయండి. మాకు వీధివైపు గోడకే నాలుగు రోజులు పట్టింది. ఎర్రమట్టి, ఇసుక, చిన్నగా నరికిన ఎండుగడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, వారం నానబెట్టాలి. ముందు అడుగు చదరంలో పూసి ఆరనివ్వండి. బీటలు తీస్తే ఇసుక, గడ్డి పెంచండి. రుద్దితే రాలిపోతుంటే మట్టి పెంచండి. గోడ తడిపాకే మట్టి మెత్తాలి, లేకపోతే పట్టదు. ఆఖర్న జల్లించిన మట్టిలో పేడ కలిపి పల్చగా అలికి, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి.

సున్నం దగ్గర జాగ్రత్త. కాల్చిన సున్నాన్నే కొంచెం కొంచెంగా నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కుతకుతా ఉడికి చిందుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. వారానికి పైగా నీటి అడుగునే ఉంచి, గుడ్డలో వడకట్టి, పాలంత పల్చగా చేసి, పట్టు కోసం కాస్త బియ్యం గంజి కలపండి. వేసిన వెంటనే ఏమీ తెల్లగా కనిపించదు. కంగారుపడి మందంగా వేస్తే పెచ్చులూడుతుంది. గోడ తడుపుతూ, రోజు విడిచి రోజు మూడు నాలుగు పల్చటి పూతలు వేయాలి. ఈ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని మెల్లగా మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. మండుటెండలో గబుక్కున ఆరిపోతే ఆ పని జరగదు. ఉదయం, సాయంత్రం మాత్రమే వేయండి.

రంగుకు మట్టిరంగులే నమ్మకం. ఎర్రమట్టి, జేగురు, పసుపుపచ్చ మట్టి మెత్తగా నూరి, రాత్రంతా నానబెట్టి సున్నంలో కలపండి. రంగుమట్టి పొడి సున్నం తూకంలో పదోవంతు దాటితే చేతికి అంటుకుంటుంది. ఆరాక రంగు బాగా తేలిపోతుంది కాబట్టి ముందు చిన్న ముక్క వేసి చూడండి. వంటింటి పసుపు వద్దు. సున్నం తగలగానే పారాణిలా ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. నాకైతే తెల్లగోడ కింద మూరెడు ఎర్రమట్టి పట్టీయే అందం. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే తెల్లబొమ్మలు ఎంత బాగున్నా, వాళ్లకవి పూజ. అలంకారానికి వాటిని దించుకోకండి, మన చుక్కల ముగ్గులు మనకున్నాయి.

తలుపులకు అవిసె నూనె పల్చగా పట్టించండి. తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడేయొద్దు, వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. పైన ఉన్నది తాటికమ్మల కప్పు. ఆ గుడ్డల్ని నీళ్లలో తడిపి, ఇంటికి దూరంగా ఆరుబయట పరిచేయండి.