డన్స్ నంబర్ అప్లై చేసే ముందు ఇవి చూసుకోండి

విజయనగరం, శ్రీకాకుళంలో యాప్‌లు చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కంపెనీ పేరు మీద డెవలపర్ అకౌంట్ తెరవాలంటే యాపిల్, గూగుల్ రెండూ అడిగేది ఈ 9 అంకెల డన్స్ (D-U-N-S) నంబరే, అంటే కంపెనీని గుర్తుపట్టే నంబర్. ఇచ్చేది డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే సంస్థ. మామూలుగా అప్లై చేస్తే ఫ్రీ, అందుకే ఎవరైనా ఫోన్ చేసి తొందరగా ఇప్పిస్తాం డబ్బులు కట్టండి అంటే ఆగండి, కట్టకండి.

ముందు మీకు ఇప్పటికే నంబర్ ఉందేమో యాపిల్ సైట్‌లో వెతకండి, కొంతమందికి తెలీకుండానే ఉండొచ్చు.

అసలు జాగ్రత్త పేరూ అడ్రసూ. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ (కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం) పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. నా అప్లికేషన్ ఎక్కడ ఆగిందంటే మన విజయనగరం పేరు దగ్గరే, ఇంగ్లీషులో సర్టిఫికెట్‌లో జెడ్‌తో ఉంటే నేను అలవాటుగా జె పెట్టి కొట్టేశాను, దాన్ని సరిచేయించుకునేసరికి మూడు వారాలు పోయాయి, లాంచ్ డేట్ కూడా దాటిపోయింది, మీకు అలా అవ్వకూడదనే ఇంత చెప్తున్నా. గంటస్తంభం దగ్గర, ఫలానా షాపు ఎదురుగా లాంటి గుర్తులు వద్దు, డోర్ నంబర్, వీధి, పిన్‌కోడ్ చాలు.

ఒక్కరే సొంతంగా చేసుకుంటుంటే యాపిల్‌లో ఇండివిడ్యువల్‌గా చేరొచ్చు, డన్స్ అక్కర్లేదు, కానీ స్టోర్‌లో మీ సొంత పేరే కనబడుతుంది.

కంపెనీ డొమైన్‌తో మెయిల్, పనిచేసే వెబ్‌సైట్ రెడీగా ఉంచండి. ఫారంలో ఇచ్చిన ఫోన్ ఎత్తండి, వెరిఫికేషన్‌కి కాల్ రావచ్చు. నంబర్ వచ్చాక కూడా యాపిల్‌కి చేరడానికి రెండు పనిదినాలు పట్టొచ్చు, అప్పటిదాకా 99 డాలర్ల ఎన్‌రోల్‌మెంట్ మొదలుపెట్టకండి.