షెడ్డు బ్రేసింగ్, నాలుగో పాఠం: బిగించిన బోల్టు మళ్లీ ఎందుకు వదులైంది?

పోయిన పాఠంలో, బ్రేసింగ్ (షెడ్డు గాలికి ఊగకుండా పట్టే ఏటవాలు కడ్డీలు) బోల్టులను మామూలు పానాతో ఒక మనిషి పూర్తి బలం పెట్టి బిగించాక నట్టు మీద, ప్లేటు మీద కలిసేలా గీత గీసి, అక్కడి నుంచి చుట్టులో మూడో వంతు తిప్పమన్నాను. తాడిపత్రి బండల యూనిట్ల నుంచి, ఆదోని జిన్నింగ్ మిల్లుల నుంచి వచ్చిన ఫోటోల్లో చాలామంది నట్టును వేళ్లతో ఎక్కించి అక్కడే గీత గీసేశారు. అలా చేస్తే ఆ మూడో వంతు తిప్పడం ప్లేట్ల మధ్య సందు మూయడానికే సరిపోతుంది. బోల్టుకు టెన్షనే (సాగి ప్లేట్లను నొక్కి పట్టే బిగువు) రాదు. అందుకే ఇవాళ కొత్త విషయం ఎత్తుకోవడం లేదు. పానా సైజు, వాషర్ ఏ వైపు వేయాలి అన్నవి మీకు తెలిసినవే.

వదులైన బోల్టు కనబడగానే పానా పెట్టకండి, ముందు గీత చూడండి. నట్టు మీది గీత, ప్లేటు మీది గీత మధ్య బిగించిన రోజు ఉన్న ఆ మూడో వంతు ఎడం అలాగే ఉంటే నట్టు తిరగలేదన్నమాట. మధ్యలో మందంగా వేసిన పెయింటో, తుప్పు పొరో అణిగి పట్టు పోయింది. ఆ ఎడం మారి ఉంటే మాత్రం ప్లేట్లు పక్కకు జారుతున్నాయి. ఎం20 (20 మి.మీ. మందం) బోల్టుకు రంధ్రం 22 మి.మీ. ఉంటుంది, జారడానికి ఆ చోటు చాలు. ఈదురుగాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తుంది. బండలు మోసే క్రేన్ ఆగిన ప్రతిసారీ ఇంకో కుదుపు.

"స్ప్రింగ్ వాషర్ వేశాం కదా సార్" అని ప్రతి ఉత్తరంలో ఉంది. ఈ నమ్మకం పోవాలి. 8.8 గ్రేడు (ఎక్కువ బలం గల రకం) బోల్టుకు రావాల్సిన టెన్షన్‌లో కొద్ది భాగానికే ఆ వాషర్ పూర్తిగా చదునైపోతుంది. ఆ తర్వాత అది వట్టి ఇనుప రింగు. 1969లో యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు చూపించింది ఇదే: జాయింటు పక్కకు జారుతుంటే మరల్లో రాపిడి పట్టు తప్పి నట్టు తనంతట తానే విప్పుకుంటుంది. స్ప్రింగ్ వాషర్ దాన్ని ఆపలేదు. జారకుండా పట్టుకునేది బోల్టు టెన్షన్, ప్లేట్ల మధ్య రాపిడి, ఈ రెండే. ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం గ్రిట్ బ్లాస్ట్ చేసిన (గరుకు రవ్వలు చిమ్మి శుభ్రం చేసిన) ముఖాలకు రాపిడి గుణకం 0.5, రెడ్ లెడ్ (ఎర్ర సీసం పెయింటు) పూసిన వాటికి 0.1. అంటే అయిదో వంతు పట్టే. నేనైతే గస్సెట్ ప్లేటు (బ్రేసింగ్ కడ్డీని బిగించే ప్లేటు) ఆనే చోట పెయింటు పడకుండా టేపు వేయిస్తాను. ఫాబ్రికేటర్ విసుక్కున్నా సరే.

అభ్యాసం: మీ షెడ్డులో ఒక బే (పక్కపక్క స్తంభాల మధ్య భాగం) ఎంచుకోండి. గాలి లేని రోజు, క్రేన్ ఆపించి, ప్రతి జాయింటులో ఒక్కో బోల్టునే విప్పి, మళ్లీ బిగించాకే పక్కదానికి వెళ్లండి. విప్పిన బోల్టు గాల్వనైజ్డ్‌ (జింకు పూత) రకమైతే, లేదా 10.9 గ్రేడుదైతే, దాన్ని పక్కన పడేసి కొత్తది వేయండి. గీతల ఫోటో తీసి, పెద్ద గాలివాన వచ్చి వెళ్లాక అవే బోల్టులకు ఇంకో ఫోటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పంపండి.