ముందు ఆ కిటికీలో గ్లాసు తీసేయండి

మాది తిరుపతి. మావాడు టెన్త్. మొన్న సోషల్‌లో రాజ్యాంగం 17వ అధికరణ, అంటరానితనం రద్దు, అంతా గడగడా ఒప్పజెప్పాడు, ఆ వెంటనే పనామె వస్తే వంటింటి కిటికీలో బోర్లించిన సొట్ట గ్లాసు తీసి అందులో కాఫీ పోసిచ్చాడు. ఆ గ్లాసే ఇవ్వమని వాడికి ఎవరూ చెప్పలేదు. చూశాడు, అంతే.

కాబట్టి సమానత్వం, ప్రజాస్వామ్యం పిల్లలకు ఇంట్లోనే నేర్పాలంటే మొదటి పని గ్లాసు. మీ ఇంట్లోనూ అలాంటిదేదో ఉంటుంది, చాపో, పీటో, పెరటి గుమ్మమో. పిల్లల చేతే తీయించేయండి, ఎందుకని అడిగితే ఇన్నాళ్లూ మేం చేసింది తప్పని చెప్పండి. నాకు ఆ ఒక్క మాట నోటికి రావడానికి రెండు రోజులు పట్టింది.

ఫ్రెండ్ ఇంటికొస్తే ఇంటిపేరు, ఊరు, నాన్న ఏం చేస్తాడు అని మనం ఎందుకు లాగుతామో పిల్లలకు బాగా తెలుసు. అది మానేసి సంగటి పెట్టండి. మీవాణ్ణి వాళ్లింటికి పంపి, పెట్టింది తిని రమ్మనండి. నాలుగుసార్లు పక్కన కూర్చుని తిన్నవాళ్ల మీద వాట్సాప్‌లో వచ్చే చెత్తను నమ్మడం అంత సులువు కాదు.

ఇక ఓటు. ఎలక్షన్లప్పుడు కవరు తీసుకుని "మా ఇంట్లో మూడు ఓట్లూ మీకే అన్నా" అనేశాను ఒకసారి, మావాడు పక్కనే ఉన్నాడు. అమ్మ ఓటు, అవ్వ ఓటు నాన్న జేబులో ఉంటాయని వాడికి ఆరోజే అర్థమై ఉంటుంది. మీరైతే పిల్లల ముందే వెనక్కిచ్చేయండి, ఎవరికి వేశావని ఇంట్లో ఒకరినొకరు అడగకండి.

మీకు పడని పార్టీని వాడు మెచ్చుకుంటే "నీకేం తెల్సు" అనకుండా ఎందుకో చెప్పమనండి. 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దించారు, మన ఇళ్లల్లో మాత్రం పాతికేళ్లొచ్చినా నోరెత్తనివ్వం! సెలవుల్లో ఎక్కడికెళ్లాలో చేతులెత్తించండి. నేనూ మా ఆవిడా తలకోన అన్నాం, పిల్లలిద్దరూ చెన్నై బీచ్ అన్నారు, అవ్వ వాళ్లవైపు దూకింది. ఓడిపోయి, నోరు మూసుకుని చెన్నై బస్సెక్కాం.

17 నిండితే ఓటరుగా పేరు నమోదుకు ఫారం 6 ముందే పెట్టుకోవచ్చు. వాళ్లనే నింపుకోనివ్వండి.

పెద్దవాళ్లు ఒక్కసారిగా మారరు, దానికి టెన్షన్ పడొద్దు. మా అమ్మ ఇప్పటికీ వాడి స్నేహితులు గడప దాటగానే "వాళ్లేమోళ్లురా?" అంటుంది.

"టెన్త్ బీ సెక్షనోళ్లవ్వా" అంటాడు వాడు.