ఇండక్షన్ పొయ్యి కొనే ముందు గోడలో వైరు చూసుకోండి

ఇండక్షన్ పొయ్యి కొనాలనుకునేవాళ్లు ముందు గాజు పలక మెరుపు, టచ్ బటన్లు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది వంటింటి స్విచ్‌బోర్డు. మా ఇంట్లో 2000 వాట్ల పొయ్యిని ఎప్పటిదో పాత సాకెట్‌కే పెట్టి వాడాం. కొన్నాళ్లకు కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే స్క్రూ వదులై, న్యూట్రల్ వైరు తొడుగు మాడి నల్లబడి ఉంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పడనే లేదు. పడదు కూడా. హద్దు మించి కరెంటు లాగితేనో, షార్ట్ అయితేనో అది పడుతుంది. వదులు కనెక్షన్ దగ్గర పుట్టే వేడి దానికి తెలియదు.

లెక్క సులువే. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల మీద 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. దీనికి 16 ఆంపియర్ల సాకెట్, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం ఒక్కరోజు కూడా వాడకండి.

నాలుగు బర్నర్ల బిల్టిన్ హాబ్ (వంటగట్టులోనే బిగించే పొయ్యి) సంగతి వేరు. 7400 వాట్ల మోడల్‌లో అన్నీ ఒకేసారి ఫుల్లుగా పెడితే 32 ఆంపియర్లు లాగుతుంది. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించాలి. మామూలుగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తారు. దూరం ఎక్కువైనా, వేడి బయటికి పోని చోటు నుంచి వైరు వెళ్లినా ఇంకా లావుది కావాలి. దానికి తగ్గ ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) తప్పనిసరి. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కట్ చేసే స్విచ్‌ను పొయ్యి పక్కగా పెట్టించండి. నూనె అంటుకున్నప్పుడు మంట మీదుగా చెయ్యి చాపాల్సిన పరిస్థితి రాకూడదు. మీటరుకు అంత లోడు లేకపోతే, మొత్తం వాట్లను తగ్గించి సెట్ చేసుకునే వీలున్న మోడల్ తీసుకోండి.

ఎలక్ట్రీషియన్ పని చేస్తుంటే దగ్గరుండి రెండు విషయాలు గమనించండి. హాబ్ వెనక టెర్మినళ్ల మధ్య చిన్న రాగి పట్టీలు ఉంటాయి. సింగిల్ ఫేజ్‌కి ఒకలా, త్రీ ఫేజ్‌కి ఇంకోలా బిగించాలి. మాన్యువల్‌లోని బొమ్మ చూపించండి, తప్పు బిగిస్తే కొత్త హాబ్ కాలిపోవచ్చు. రెండోది, ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని పెద్దది వేస్తానంటే ఒప్పుకోకండి. వైరు అదే ఉండి ఎంసీబీ మాత్రం పెద్దదైతే, ఈసారి గోడలోని వైరే కాలుతుంది.

గిన్నెల సంగతి తేలిక. అడుగున అయస్కాంతం గట్టిగా అంటుకుంటే పనికొస్తాయి. హాబ్ కింద ఫ్యాన్‌కు గాలి ఆడాలి కాబట్టి దాని కింది సొరుగులో కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు కుక్కకండి. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లుంటే కొనకముందే డాక్టర్‌ని అడగండి, వండేటప్పుడు కనీసం రెండడుగుల దూరం ఉండమంటారు. గాజు పగిలితే సన్నటి గీతే కదా అనుకోవద్దు. పొంగిన పాలు అందులోంచి లోపలికి దిగితే షాక్ కొట్టొచ్చు. మెయిన్ ఆపి, రిపేరయ్యేదాకా ముట్టుకోకండి.

ప్లగ్ పొయ్యి అయితే మొదటి రోజు అరగంట వండాక స్విచ్ ఆపి ప్లగ్‌ని తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చుర్రుమంటే మళ్లీ ఆన్ చేయకుండా సాకెట్ విప్పించండి.