అనంతపురం ఎండల్లో తామర: పూత మందు ఎలా వాడాలి

ఎండ 40 డిగ్రీలు దాటితే మొలతాడు కింద, గజ్జల్లో చెమట ఆరదు. తామర బూజు పట్టేది అక్కడే. చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రోటీన్ దాని తిండి. గుండ్రటి మచ్చ, ఎర్రగా ఉబ్బి పొట్టు రాలే అంచు, నడుమ మామూలు చర్మం ఉంటే చాలావరకు అదే.

కడిగి, తడి లేకుండా తుడిచి, బూజును అణిచే 1 శాతం క్లోట్రిమజోల్ పూత మందు రోజుకు రెండుసార్లు పూయండి. అంచు దాటి 2 సెంటీమీటర్లు బయటికి కూడా. దురద తగ్గగానే చాలామంది ట్యూబు అవతల పడేస్తారు, తామర తిరగబెట్టేది అందుకే. మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు పూయాలి.

మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ అని ఉంటే వద్దనండి. అవి స్టెరాయిడ్లు: ఎరుపు అణుగుతుంది, బూజు మాత్రం పాకుతూనే ఉంటుంది.

పాత మొలతాడు తీసేయండి, ఇష్టం లేకపోతే కొత్తదైనా కట్టండి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. షుగరు ఉన్నా, నాలుగు వారాలకు తగ్గకపోయినా చర్మ డాక్టరుకు చూపించాలి.